ఎక్స్‌రేలో కనిపించని మెడనొప్పి



సిగ్నల్ వద్ద నిలిచి ఉన్న ఆటోను వెనుకనుండి వచ్చిన కారు ఢీకొంటుంది. రక్తం కారదు, ఎముక విరగదు. ఆటోలోని వారు దిగి, అంతటితో గండం గడిచిందనుకొని ఇంటికి చేరుకుంటారు. మరునాటి ఉదయం పడక మీదనుండి లేవబోయేసరికి మెడ తిరగదు. తల వెనుకభాగంలో నొప్పి, భుజాలలో బరువు, కొందరికి కళ్లు తిరగడం. అప్పుడు ఇంట్లో నాలుగు అభిప్రాయాలు బయలుదేరుతాయి. పహిల్వాన్ చేత మెడ సరిచేయించాలని ఒకరు, కాలర్ వేసుకొని నెలరోజులు కదలకుండా పడుకోవాలని మరొకరు, వెంటనే స్కానింగ్ తీయించాలని ఇంకొకరు. ఎక్స్‌రేలో ఏమీ లేదని తెలియగానే, 'ఇదంతా పనినుండి తప్పించుకొనే నటన' అనేవారు నాలుగో వారు.

ఈ నాలుగు మాటలలో ఏది ఎంతవరకు సరైనదో ఈ నెల శీర్షికలో పరిశీలిద్దాం. మేము వైద్యులము కాము. అయితే మెడకు తగిలే ఈ కుదుపు విషయంలో వైద్యశాస్త్రం గత కొన్ని దశాబ్దాలుగా స్థిరపరచిన విషయాలు ప్రతి కుటుంబానికీ తెలిసి ఉండడం అవసరమని భావిస్తున్నాము. ఎందుకంటే ఈ గాయంలో రోగి కోలుకోవడం మందులమీద ఎంత ఆధారపడి ఉంటుందో, ఇంటివారి మాటమీదా, నడవడిమీదా అంతే ఆధారపడి ఉంటుంది.

కుదుపులో జరిగేదేమిటి?

మన మెడలో 7 వెన్నుపూసలు ఉంటాయి. సుమారు 5 కిలోల బరువుండే తలను అవి మోస్తూ, అన్ని వైపులకూ తిప్పుతూ ఉంటాయి. వాహనాన్ని వెనుకనుండి ఢీకొన్నప్పుడు కూర్చున్న ఆసనం వీపును ముందుకు నెడుతుంది. తల మాత్రం ఉన్నచోటనే ఉండిపోతుంది. ఆ క్షణంలో మెడ ఆంగ్ల అక్షరం 'ఎస్' ఆకారంలో వంకర తిరుగుతుంది. కిందిభాగం వెనుకకు, పైభాగం ముందుకు వంగుతాయి. ఇదంతా సుమారు సెకనులో పదోవంతు కాలంలో జరిగిపోతుంది. మెడ కండరాలు బిగుసుకొని తలను కాపాడుకొనే వ్యవధి కూడా ఉండదు. ఫలితంగా కండరాలు, ఎముకలను పట్టి ఉంచే బంధనాలు, పూసల వెనుకభాగంలో ఉండే చిన్న కీళ్లు సాగిపోవడమో, నలగడమో జరుగుతుంది. వాపు నెమ్మదిగా వస్తుంది గనుక నొప్పి కొన్ని గంటల తర్వాతనో, మరునాడో బయటపడడం సాధారణం. 'నిన్న బాగానే ఉన్నావు కదా!' అని రోగిని అనుమానించవలసిన పని లేదు.

ఈ గాయాన్ని వైద్యులు 'విప్లాష్' అంటారు. కొరడా విసిరినట్లు మెడ విసురుకుపోవడమని దాని భావం. 1928లో అమెరికాకు చెందిన ఎముకల వైద్యుడు హెరాల్డ్ క్రో ఈ పదాన్ని వాడాడు. జరిగిన కదలికను వర్ణించడానికి తాను వాడిన మాటను లోకం ఒక రోగం పేరుగా స్వీకరించినందుకు ఆయన తర్వాతి కాలంలో విచారించాడు. ఆ విచారం సహేతుకమైనదే. కుదుపు ఒకటే అయినా దాని ఫలితం ఒక్కొక్కరిలో ఒక్కొక్క తీరుగా ఉంటుంది. ఒకరికి వారంలో తగ్గిపోతుంది, మరొకరికి నెలలు పడుతుంది, అరుదుగా ఒకరికి పూస విరిగి ప్రాణంమీదికి వస్తుంది. కనుక పేరు తెలియగానే చికిత్స తెలిసిపోయినట్లు కాదు.

మొట్టమొదటి ప్రశ్న

వైద్యుడు తేల్చవలసిన మొదటి విషయం ఒకటే: పూస విరిగిందా, వెన్నుపాముకు ప్రమాదం ఉందా, లేక ఇది కేవలం మెత్తని భాగాలకు తగిలిన బెణుకా? ఈ విభజన కొత్తది కాదు. ఎడ్విన్ స్మిత్ అనే అమెరికన్ 1862లో ఈజిప్టులోని లక్సర్‌లో కొన్న ఒక ప్రాచీన వైద్యపత్రం సుమారు 3,600 సంవత్సరాల నాటిది. అందులో మెడ బెణుకు, పూస జారడం వేరువేరు అధ్యాయాలుగా ఉన్నాయి. రోగిని తన రెండు భుజాలవైపు చూడమని వైద్యుడు అడగాలనీ, నొప్పితోనైనా చూడగలిగితే అది చికిత్స చేయదగిన బెణుకనీ, చేతులు కాళ్లు స్పర్శ కోల్పోయిన వాని స్థితి వేరనీ ఆ పత్రం వివరిస్తుంది.

నేటి వైద్యులు అనుసరించే పద్ధతికి కూడా ఇదే మూలసూత్రం. 2001లో కెనడా వైద్యులు 10 ఆస్పత్రులలో 8,924 మంది రోగులను పరిశీలించి ఒక నియమావళిని ప్రకటించారు. అది పూర్తి స్పృహలో ఉన్న పెద్దలకు వర్తిస్తుంది; పిల్లలకూ, ముందే వెన్నెముక వ్యాధి ఉన్నవారికీ వర్తించదు. దాని ప్రకారం వైద్యుడు మూడు విషయాలు వరుసగా చూస్తాడు.

మొదటిది, ప్రమాద సూచనలు. రోగి వయస్సు 65 లేదా అంతకు మించి ఉండడం, చేతులలోగాని కాళ్లలోగాని తిమ్మిరి ఉండడం, ప్రమాదం తీవ్రమైనది కావడం. మూడు అడుగులు లేదా ఐదు మెట్ల ఎత్తునుండి పడడం, గంటకు 100 కిలోమీటర్లకు మించిన వేగంతో ఢీకొనడం, వాహనం పల్టీలు కొట్టడం, మనిషి వాహనంలోనుండి బయటకు ఎగిరిపడడం తీవ్రమైనవాటి కిందికి వస్తాయి. వీటిలో ఒక్కటి ఉన్నా చిత్రం తీయవలసిందే.

రెండోది, ఊరటనిచ్చే సూచనలు. సామాన్యమైన వేగంతో వెనుకనుండి తగిలిన ఢీ కావడం, రోగి తనంతట తాను కూర్చోగలగడం లేదా నడిచి ఉండడం, నొప్పి ఆలస్యంగా మొదలుకావడం, మెడ మధ్యభాగంలో ఎముకను తాకినప్పుడు నొప్పి లేకపోవడం. వీటిలో ఒక్కటైనా ఉంటేనే మూడో పరీక్షకు వెళతారు. బస్సు, లారీ వంటి భారీ వాహనం ఢీకొంటే దానిని సామాన్యమైన ఢీగా లెక్కించరు.

మూడోది, రోగి స్వయంగా తలను కుడికీ ఎడమకూ 45 డిగ్రీల మేరకు తిప్పగలడా లేదా అన్నది. తిప్పగలిగితే ఎక్స్‌రే అవసరం లేదు. ఈ పరీక్ష వైద్యుని సమక్షంలో, మొదటి రెండు మెట్లు దాటిన తర్వాతనే జరగాలి. ఇంట్లో ఎవరూ దీనిని ప్రయోగించి చూడరాదు. ఇతరులు తలను పట్టుకొని తిప్పడం మరీ ప్రమాదకరం.

దీనినిబట్టి పాఠకులు రెండు విషయాలు గ్రహించాలి. వైద్యుడు ఎక్స్‌రే రాయలేదంటే అశ్రద్ధ చేశాడని అర్థం కాదు. ప్రశ్నలు అడిగి, తాకి చూసి, తిప్పించి చూసిన వైద్యుడు తన కర్తవ్యం నెరవేర్చినట్లే. తాకకుండా, అడగకుండా నేరుగా స్కానింగ్‌కు పంపడం జాగ్రత్త అనిపించుకోదు. అయితే ప్రమాద సూచనలు ఉన్న పెద్దలకు నేడు సాధారణ ఎక్స్‌రేకంటె సీటీ స్కాన్ మేలని వైద్యులు భావిస్తున్నారు. నరాలు దెబ్బతిన్న లక్షణాలు ఉంటే ఎంఆర్ఐ అవసరమవుతుంది.

ఆలస్యం చేయరాని లక్షణాలు

ఈ కింది లక్షణాలను ఇంటిల్లిపాదీ గుర్తుంచుకోవాలి. చేయిగాని కాలుగాని బలహీనపడడం, తిమ్మిరెక్కడం; నడక తడబడడం; మూత్రం, మలం మీద అదుపు తప్పడం; మెడ మధ్యలో ఎముకమీద భరించలేని నొప్పి; తీవ్రమైన తలనొప్పితోపాటు వాంతులు, మగత; మాట తడబడడం, చూపు రెండుగా కనిపించడం, ముఖం ఒకవైపు వాలిపోవడం. వీటిలో ఏది కనిపించినా పగలు రాత్రి చూడకుండా పెద్దాస్పత్రికి చేర్చాలి.

ప్రమాదస్థలంలో పడి ఉన్న వ్యక్తి మెడనొప్పి అంటున్నా, స్పృహలో లేకున్నా, అతనిని చేతులు కాళ్లు పట్టి లేవనెత్తి ఆటోలో మడిచి పడుకోబెట్టరాదు. మంటలు, వాహనాల రద్దీ వంటి తక్షణ ప్రమాదం లేనట్లయితే అతని తలను రెండు చేతులతో ఉన్నస్థితిలోనే కదలకుండా పట్టుకొని 108కు ఫోన్ చేయాలి.

గాయానికి మెట్లు

1995లో కెనడాలోని క్యుబెక్ రాష్ట్రం నియమించిన నిపుణుల సంఘం ఈ గాయాన్ని మెట్లుగా విభజించింది. నొప్పి, బిగువు మాత్రమే ఉండి వైద్యుడు పరీక్షించినప్పుడు వేరే లోపం కనిపించకపోతే మొదటి మెట్టు. మెడ కదలిక తగ్గి, తాకినచోట నొప్పి ఉంటే రెండోది. చేతి బలం తగ్గడం, స్పర్శ తగ్గడం, చిన్న సుత్తితో తట్టినప్పుడు కండరం స్పందించకపోవడం వంటి నరాల లక్షణాలు కలిస్తే మూడోది. పూస విరగడం, జారడం నాలుగోది. అత్యధికులు మొదటి రెండు మెట్లలోనే ఉంటారు. ఇకముందు మేము చెప్పబోయే చికిత్స కూడా వైద్యుడు పరీక్షించి మొదటి రెండు మెట్లలో ఉన్నారని తేల్చినవారికే వర్తిస్తుంది.

కదలికయే చికిత్స

పూర్వం ఈ గాయానికి కాలర్ వేసి విశ్రాంతి తీసుకోమనేవారు. నొప్పిగా ఉన్న భాగాన్ని కదల్చకపోవడం సహజమైన ఆలోచనే. కాని అనుభవం మరో విధంగా తేలింది. 1998లో నార్వే వైద్యులు ప్రచురించిన అధ్యయనంలో 201 మంది రోగులను రెండు భాగాలుగా చేశారు. ఒక భాగానికి 14 రోజుల సెలవు ఇచ్చి కాలర్ వేశారు. రెండో భాగం వారిని తమ రోజువారీ పనులు యథావిధిగా చేసుకోమన్నారు. ఆరు నెలల తర్వాత చూస్తే పనులు చేసుకున్నవారి పరిస్థితే మెరుగ్గా ఉంది. కదలని కండరం బలహీనపడుతుంది, కీలు బిగుసుకుపోతుంది, కదిలితే ఏమవుతుందోనన్న భయం మనస్సులో పాతుకుపోతుంది. అందుచేత బెణుకు వరకే పరిమితమైన గాయానికి మెత్తని కాలర్‌ను నేటి వైద్యులు సిఫారసు చేయడం లేదు.

కాబట్టి మొదటి రోజులనుండే రోజుకు పలుమార్లు, నొప్పి భరించగలిగిన మేరకు, మెడను నెమ్మదిగా కుడికి, ఎడమకు, కిందికి, పైకి, చెవి భుజంవైపు వంగేలా పక్కలకు కదిలించాలి. కుదుపు ఉండరాదు, బలవంతం ఉండరాదు. కొద్దిపాటి నొప్పి కలిగినంత మాత్రాన లోపల ఏదో తెగిపోతున్నదని భయపడనవసరం లేదు. వంట, నడక, దుకాణం, చదువు వీలైనంత త్వరగా మళ్లీ మొదలుపెట్టాలి. బరువులెత్తడం, ఒకే భంగిమలో గంటలకొద్దీ తల వంచి కూర్చోవడం మొదట్లో తగ్గించుకోవాలి. తల పూర్తిగా తిప్పి చూడలేనంత కాలం వాహనం నడపరాదు. కాపడం హాయినిస్తే పెట్టుకోవచ్చు. నొప్పి తగ్గడానికి పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు వైద్యులు ఇస్తారు. కడుపులో పుండు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు, గర్భిణులు వైద్యుని అడగకుండా ఐబుప్రొఫెన్ వంటివి వాడరాదు.

ఇక మెడ విరిపించుకొనే అలవాటు గురించి ఒక మాట. క్షౌరశాలలో తలకు మర్దన చేసి చివరకు మెడను ఒక్కసారిగా 'టక్'మని తిప్పడం మన పట్టణాలలో సాధారణమే. ఎముకలు సరిచేస్తామనే వారిలో కొందరు కూడా ఇదే పని చేస్తారు. మెడ పూసల గుండా మెదడుకు రక్తం తీసుకువెళ్లే ధమనులు ఉన్నాయి. హఠాత్తుగా తిప్పినప్పుడు వాటి లోపలి పొర చిరిగి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది. అది అరుదే కావచ్చు, కాని జరిగితే తిరిగి సరిదిద్దుకోలేము. ప్రమాదంలో కుదుపు తగిలిన మెడను ఇలాంటి చేతులకు అప్పగించడం ఏమాత్రం తగదు.

నమాజు విషయం కూడా కొందరు అడుగుతుంటారు. రుకూ, సజ్దాలకు వంగడం, సలామ్ వేళ ముఖం ఇరువైపులా తిప్పడం వైద్యుడు కదలమని చెప్పిన మెడకు హాని చేసేవి కావు. నెమ్మదిగా, చేతనైనంత మేరకు చేస్తే చాలు. తల పూర్తిగా తిరగకపోయినంత మాత్రాన సలామ్‌కు లోటు లేదు. సజ్దా చేయలేనంత నొప్పి ఉన్నవారికి కూర్చొని, సైగతో నెరవేర్చుకొనే వెసులుబాటును ధర్మం ఇచ్చే ఉంది. ఆ వెసులుబాటు నొప్పి ఉన్నంత కాలానికే. నొప్పి తగ్గేకొద్దీ పూర్వపు పద్ధతికి మరలుతూ రావడం శరీరానికి కూడా మేలు చేస్తుంది.

నొప్పి నిలిచిపోతే

చాలామందికి కొన్ని వారాలలో, రెండు మూడు నెలలలో నొప్పి బాగా తగ్గుతుంది. కాని అందరికీ పూర్తిగా పోదు. ఏడాది తర్వాత కూడా ఎంతో కొంత మెడనొప్పి ఉందని చెప్పేవారు రోగులలో దాదాపు సగం మంది ఉంటారని పలు అధ్యయనాలు తెలుపుతున్నాయి. మొదటి రోజులలో నొప్పి మిక్కుటంగా ఉన్నవారు కోలుకోవడానికి ఎక్కువ కాలం తీసుకుంటారు. ప్రమాదం గుర్తుకువచ్చి నిద్ర పట్టకపోవడం, వాహనం ఎక్కాలంటే వణుకు, నిరాశ వంటివి కూడా నొప్పిని పెంచుతాయి. వాటిని దాచిపెట్టక వైద్యునికి చెప్పాలి.

అలాగని నెలల తరబడి ఖరీదైన చికిత్సలకు అప్పులు చేయనవసరం లేదు. 2014లో ఆస్ట్రేలియాలో దీర్ఘకాలంగా బాధపడుతున్న 172 మందిపై జరిపిన పరిశోధనలో, సగం మందికి ఫిజియోథెరపిస్టు వద్ద 20 పర్యాయాల వ్యాయామ శిక్షణ ఇచ్చారు. మిగిలినవారికి ఒక్కసారి కూర్చోబెట్టి సవివరంగా సలహా చెప్పి, అవసరమైతే ఫోన్‌లో మాట్లాడారు. చివరకు రెండు భాగాల మధ్య చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. వ్యాయామం వ్యర్థమని దీని అర్థం కాదు. విషయాన్ని చక్కగా వివరించి ధైర్యం చెప్పే ఒక మంచి వైద్యుడు లేదా ఫిజియోథెరపిస్టు దొరికితే, రోగి ఇంట్లో తానే శ్రద్ధగా సాధన చేసుకోవచ్చునని అర్థం.

నమ్మిక, నిజాయితీ

అన్నిటికంటె ముఖ్యమైన విషయం చెప్పవలసి ఉంది. ఎక్స్‌రే ఎముకలను చూపుతుంది; సాగిన బంధనాన్ని, నలిగిన కీలు పొరను చూపదు. 1990లలో ఆస్ట్రేలియా వైద్యులు, దీర్ఘకాలంగా బాధపడుతున్న రోగుల మెడ పూసల చిన్న కీళ్లకు వెళ్లే సన్నని నరాలను మత్తుమందుతో తిమ్మిరెక్కించి పరీక్షించారు. వారిలో సగానికి మించి నొప్పి ఆ కీళ్లనుండే వస్తున్నదని తేలింది. కనుక చిత్రంలో ఏమీ లేదంటే ఎముక విరగలేదని శుభవార్త మాత్రమే. నొప్పి లేదని తీర్పు కాదు. కోడలు మెడ పట్టుకొని కూర్చుంటే 'రిపోర్టులో ఏమీ లేదన్నారుగా' అనే అత్తగారు, పనివాడు సెలవు అడిగితే ముఖం చిట్లించే యజమాని ఈ సంగతి గ్రహించాలి. నమ్మనివారి ముందు రోగి తన నొప్పిని నిరూపించుకోవడంలోనే శక్తినంతా వెచ్చిస్తాడు. కోలుకోవడానికి ఇక ఏమి మిగులుతుంది?

దీనికి మరో పార్శ్వం కూడా ఉంది. కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రంలో 1995 జనవరినుండి నొప్పికీ, బాధకూ విడిగా పరిహారం ఇచ్చే పద్ధతిని తొలగించారు. ఈ గాయంపై దాఖలయ్యే క్లెయిములు నాలుగోవంతుకు పైగా తగ్గాయి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2021 మే 31నుండి ఈ గాయానికి పరిహారం పట్టిక ప్రకారం నిర్ణయించి, వైద్యుని నివేదిక లేకుండా రాజీ కుదుర్చుకోవడాన్ని నిషేధించారు. నొప్పిని కంటితో చూడలేము గనుక దానిని పెంచి చెప్పేవారూ ఉంటారన్న అనుమానం ఈ చట్టాల వెనుక ఉంది. అబద్ధం చెప్పినవారి మూలంగా నిజంగా బాధపడేవారు కూడా అనుమానానికి గురవుతున్నారు. వ్యాజ్యం సాగినంత కాలం నొప్పిమీదనే మనస్సు నిలిపి ఉంచడం స్వయంగా రోగికే చేటు.

మన దేశంలో మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌ను ఆశ్రయించి నష్టపరిహారం కోరడం బాధితుని హక్కు. దానిని వదులుకోమని మేము చెప్పడం లేదు. ప్రమాదం జరిగిన రోజే పోలీసులకు తెలియజేయాలి. వైద్యుని చీటీలు, మందుల రశీదులు, పనికి వెళ్లని రోజుల లెక్క భద్రపరచుకోవాలి. ఆపై ఉన్నది ఉన్నట్లు చెప్పాలి. లేని గాయానికి సర్టిఫికెట్ సంపాదించి ఇస్తామనే మధ్యవర్తుల వెంట వెళ్లడం అబద్ధపు సాక్ష్యమే అవుతుంది. ఇతరుల నొప్పిని నమ్మవలసిన బాధ్యత మనకు ఎంత ఉన్నదో, మన నొప్పి గురించి సత్యమే పలకవలసిన బాధ్యత కూడా అంతే ఉన్నది.

ముందు జాగ్రత్త

కారులో ఆసనంపై తల వెనుక ఉండే దిండును చాలామంది అలంకారంగానో, విశ్రాంతికోసమనో అనుకుంటారు. అది ప్రధానంగా ఈ కుదుపునుండి కాపాడడానికే ఏర్పాటు చేసినది. అమెరికాలో 1969 జనవరినుండి కొత్త కార్ల ముందు ఆసనాలకు దానిని తప్పనిసరి చేశారు. దాని పైఅంచు మన తల పైభాగానికి సమానంగా ఉండాలి. తలకు వీలైనంత దగ్గరగా ఉండాలి. కిందికి దించి మెడ వద్ద వదిలేస్తే ప్రయోజనం ఉండదు. కారును ఇంట్లో ఒకరికంటె ఎక్కువమంది నడుపుతున్నట్లయితే ఎవరు కూర్చున్నప్పుడు వారు దానిని తమ ఎత్తుకు సరిచేసుకోవాలి. వెనుక సీటులో అడ్డంగా ఉందని దానిని పీకి పక్కన పడవేయరాదు.

ఈ సంచిక చదివిన తర్వాత ఇంట్లో కారు ఉన్నవారు ఒకసారి వెళ్లి ఆ దిండ్ల ఎత్తు చూసుకోవాలని మా మనవి. ఇంట్లో ఎవరైనా మెడనొప్పితో ఉంటే, వైద్యుడు ప్రమాదం లేదని చెప్పి ఉంటే, ఈ రోజు మెడ నిన్నటికంటె ఎంత తిరుగుతున్నదో వారిని ఆప్యాయంగా అడగండి. 'ఇంకా నొప్పేనా?' అన్న ప్రశ్నకంటె అది వారికి ఎక్కువ మేలు చేస్తుంది.